పెంపుడు కుక్కకు క్రొత్త యిల్లు

మహాభారత కథ మొదట ఒక కుక్కయు, తుదను మఱియొక కుక్కయు కానవచ్చుట వింతగా తోచును. ఆదిపర్వమున జనమేజయుని యజ్ఞవాటికలో ఆడుకొనుచున్న సారమేయుడను కుక్కపిల్లను రాజుగారి తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. దాని తల్లి యగు సరమ రాజు నెదుటికి వచ్చి, తప్పెఱుగని దుర్బలులను బాధించువారికి అనుకొనని యాపదలు రాగలవని హెచ్చరించి పోయెను. తిక్కన సోమయాజి తెలిగించిన మహాప్రస్థానిక పర్వమున హస్తినాపురము విడిచి వెడలిన పాండవుల వెంట ఒక కుక్క నడచెను. ద్రౌపదియు, తమ్ములు నలువురును త్రోవలో పడిపోయిన పిమ్మట ధర్మరాజునకు తోడుగా మిగిలినది ఆ కుక్క యొక్కటియే. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మని పిలువగా, తన్ను నమ్మి వచ్చిన ప్రాణిని విడిచి తాను రానని ధర్మరాజు పలికెను. ఆ కుక్క ధర్మదేవతయే యని తరువాత తెలిసినది.

నమ్మిన ప్రాణిని విడువరాదన్నది ఈ కథ తెలుపు ధర్మము. అయినను గృహస్థులందఱును తాము పెంచిన కుక్కను తుదివఱకు తమయొద్దనే యుంచుకొనగలరా? కొందఱికి అది సాధ్యము కాదు. యజమాని మరణించవచ్చును. అతనికి దీర్ఘవ్యాధి కలుగవచ్చును. కుక్కను తీసికొని పోవుటకు వీలులేని దూరదేశమునకు బదిలీ కావచ్చును. తోటయు, పెరడును గల యింటిని విడిచి పట్టణమున రెండు గదుల యద్దెయింటిలో కాపురముండవలసి రావచ్చును. అట్టి సమయమున కుక్క పట్ల మనుష్యుని ధర్మమేమి? తాను ఉంచుకొనలేకపోయినను దానిని వీధిపాలు చేయక, ప్రేమించువారి యింటికి చేర్చుటయే ఆ ధర్మము. ఈ పని సులభముగా కనిపించును గాని, దానికి ఓర్పును, పద్ధతియు కావలెను.

మనుష్యునకును కుక్కకును గల స్నేహము మిక్కిలి ప్రాచీనమైనది. గోవును, గొఱ్ఱెను మచ్చిక చేసికొనుటకు ఎంతో పూర్వమే మానవుడు కుక్కను మచ్చిక చేసికొనెను. జర్మనీ దేశమున బాన్ నగర సమీపమునందలి ఓబర్‌కాసెల్ అనుచోట 1914వ సంవత్సరమున రాతిగని పనివారికి ఒక సమాధి బయటపడినది. అందు ఒక పురుషుని యొక్కయు, ఒక స్త్రీ యొక్కయు అస్థికలతో పాటు ఒక కుక్కపిల్ల యెముకలును ఉండెను. ఆ సమాధి సుమారు 14,000 సంవత్సరముల నాటిది. ఆ పిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అది డిస్టెంపరు అను వ్యాధితో పలుమార్లు బాధపడెననియు, మనుష్యులు దగ్గఱనుండి సేవ చేయనిదే అన్ని వారములు బ్రతికి యుండెడిది కాదనియు 2018లో తెలిపిరి. వేటకు గాని, కావలికి గాని పనికిరాని జబ్బు కుక్కపిల్లను ఆ యాదిమ మానవులు ఏమి యాశించి సాకిరి? దానిపై గల వాత్సల్యము తప్ప వేఱు కారణము కనిపించదు.

ఇంతటి ప్రాచీనమైన స్నేహమును తెంచి కుక్కను వీధిలో విడుచువారు నేటికిని కలరు. కొందఱు దానిని బండిలో నెక్కించుకొని ఊరిబయట దింపి వత్తురు. "కుక్క గదా, ఎట్లో బ్రతుకును" అని తమకు తాము చెప్పుకొందురు. ఇది పొరపాటు. వేళకు కంచములో పెట్టిన యన్నము తిని పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెదకికొనుట తెలియదు. ఏ వీధి కుక్కలు ఆ వీధిని తమదిగా భావించును. క్రొత్తగా వచ్చిన దానిని అవి కఱచి తఱుమును. బండ్ల రాకపోకలు దానికి అలవాటుండదు. అన్నిటికంటె జాలి గొలుపు విషయము మఱియొకటి కలదు. యజమాని తన్ను విడిచెనని దానికి తెలియదు. దింపిన చోటనే నిలిచి, వచ్చిపోవు ప్రతి బండిని చూచుచు, అది ఎదురుచూచును. ఏఱు దాటి తెప్ప తగులబెట్టినవానిని లోకము నిందించును. ఏండ్ల తరబడి వాకిలి కాచిన ప్రాణిని ఆకలికి విడిచిన వానిని ఏమనవలెను?

మన చట్టము కూడ దీనిని నేరముగా నెంచినది. 1960లో భారత పార్లమెంటు జంతు హింసా నివారణ చట్టము నంగీకరించెను. సరియైన కారణము లేకుండ, ఆకలిదప్పులచే బాధపడు స్థితిలో ఏ జంతువునైనను విడిచిపెట్టుట ఆ చట్టము ననుసరించి శిక్షార్హము. ఇట్టి చట్టము కావలెనని రాజ్యసభలో పట్టుదలతో వాదించిన వారు నాట్యకళాకోవిదురాలగు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్. ఆ చట్టము ననుసరించి 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు.

విడువబడిన కుక్కలకు ఆశ్రయ మిచ్చి, వానికి తగిన యిండ్లు వెదకి పెట్టు సంస్థల చరిత్రము వినదగినది. 1860వ సంవత్సరమున లండను నగరమునందలి హాలోవే అనుచోట మేరీ టీల్‌బీ అను నామె, తప్పిపోయిన కుక్కలకును, ఆకలిగొన్న కుక్కలకును ఒక శరణాలయమును స్థాపించెను. నాటి పత్రికలు ఆమెను పరిహసించినవి. మనుష్యులే తిండిలేక మాడుచుండగా కుక్కలకు సత్రమా యని పలువురు నవ్విరి. ఆమె 1865లో మరణించెను గాని, ఆ సంస్థ నిలిచినది. 1871లో బాటర్‌సీ అను ప్రాంతమునకు మారి, ఆ పేరుతోనే నేటికిని పనిచేయుచున్నది. నాటినుండి ముప్పది లక్షలకు పైగా జంతువులకు అది ఆశ్రయ మొసగినది.

ఇట్టి సంస్థల విలువ 1939లో తేటపడినది. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇంగ్లండు యుద్ధమున ప్రవేశించెను. బాంబులు పడునను భయము నగరములను క్రమ్ముకొన్నది. పెంపుడు జంతువులను పల్లెలకు పంపవలెననియు, పంపలేనివారు వానిని నొప్పి లేకుండ చంపించుట మేలనియు తెలుపు ఒక కరపత్రము ప్రజలకు పంచబడినది. కొలది దినములలో లక్షల కొలది కుక్కలును, పిల్లులును పశువైద్యశాలల ముందు బారులు తీర్పబడి ప్రాణములు కోల్పోయినవి. అప్పటికి లండనుపై ఒక్క బాంబైనను పడలేదు. తరువాత ఎందఱో యజమానులు తొందరపడితిమని పశ్చాత్తప్తులైరి.

అదే సమయమున మఱియొక విధముగా ఆలోచించినవారును కలరు. హామిల్టను డచెస్ యగు నీనా యను నామె ఫెర్న్ అను తన గ్రామీణ భవనమును జంతువులకు ఆశ్రయముగా మార్చి, నగరవాసులు పోషింపలేని కుక్కలను, పిల్లులను అచ్చటికి చేర్పించెను. బాటర్‌సీ శరణాలయము యుద్ధకాలమున అతికొద్దిమంది పనివారితోనే 1,45,000 కుక్కలను కాపాడినది. ఒకే యాపద, ఒకే నగరము. కాని భయముతో తొందరపడినవారి కుక్కలు చనిపోయినవి; కొంచెము ఓపికపట్టి చోటు వెదకినవారి కుక్కలు బ్రతికినవి. గృహస్థునకు కష్టము వచ్చినపుడును ఇంతియే. రేపు ప్రయాణమనగా నేడు కుక్క మాట తలచినచో మంచి యిల్లు దొరకదు. రెండు మూడు నెలల ముందుగా యత్నించిన దొరకును.

మన దేశమునను ఇట్టి సేవ చేయు సంస్థలు వెలసినవి. చెన్నపట్టణమున 1964లో బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1992లో శ్రీమతి అక్కినేని అమల హైదరాబాదున బ్లూ క్రాస్‌ను స్థాపించెను. గాయపడిన జంతువులకు చికిత్స చేయుట, దిక్కులేని కుక్కలకును, పిల్లులకును పెంచుకొనువారిని వెదకి యిచ్చుట ఇట్టి సంస్థల ముఖ్యకార్యములు. అయినను శరణాలయములలో చోటు తక్కువ, చేరు జంతువులెక్కువ. ఇంటి నడుమ తిరుగాడిన కుక్కకు పలు కుక్కల యరుపుల మధ్య ఇనుప కటకటాలలో నుండుట గొప్ప శిక్ష. కనుక ఒక యింటినుండి నేరుగా మఱియొక యింటికి చేర్చుటయే ఉత్తమ మార్గము. శరణాలయము తుది యుపాయము మాత్రమే.

ఎట్టి యింటిని ఎన్నుకొనవలెనో తెలిసికొనుటకు జపాను దేశమునందలి హచికో యను కుక్క కథ యుపకరించును. టోకియో విశ్వవిద్యాలయమున వ్యవసాయశాస్త్ర మును బోధించు ఉయెనో యను ఆచార్యుడు 1924లో ఈ కుక్కపిల్లను తెచ్చి పెంచెను. అది ఆయనను కలిసికొనుటకు షిబుయా రైలు స్టేషనునకు పోవుచుండెడిది. 1925 మే నెలలో ఆచార్యుడు విశ్వవిద్యాలయముననే హఠాత్తుగా మరణించెను. అప్పుడు హచికోను వేఱు వేఱు యిండ్లకు పంపిరి. అది యెచ్చటను ఇమడలేకపోయినది. ఎంత దూరమునుండియైనను షిబుయా వైపునకే పరుగెత్తుచుండెను. తుదకు ఆచార్యుని యింట తోటపని చేసిన యతడు దానిని తీసికొనెను. అది పిల్లగా నున్ననాటినుండి అతనికి తెలియును. అతని యిల్లు స్టేషనునకు సమీపముననే యుండెను. ప్రతిదినమును స్టేషనునకు పోయి యజమానికై ఎదురుచూచి, తిరిగి తోటమాలి యింటికి వచ్చుట దానికి అలవాటయ్యెను. 1935 మార్చి 8వ తేదీన చనిపోవు వఱకు, అనగా దాదాపు పది సంవత్సరములు, అట్లే చేసినది. అది బ్రతికియుండగనే 1934లో ఆ స్టేషను వద్ద దాని విగ్రహమును నిలిపిరి.

ఈ కథను విన్నవారందఱును కుక్క విశ్వాసమును పొగడుదురు. తోటమాలిని తలచువారు తక్కువ. ఇతరులు విఫలులైనచోట అతడేల కృతకృత్యుడయ్యెను? అతడు కుక్కకు క్రొత్తవాడు కాడు. కుక్క దుఃఖమును బలవంతముగా మాన్పవలెనని యతడు యత్నింపలేదు. తిండి పెట్టి, చోటిచ్చి, దాని దారిని దానిని పోనిచ్చెను. కావున పెంపుడు కుక్కకు క్రొత్త యిల్లు వెదకువారు మొదట దానిని ఎఱిగిన వారినే తలచుకొనవలెను. తఱచుగా ఇంటికి వచ్చు బంధువులు, దానిని చేరదీయు పొరుగువారు, దానితో ఆడుకొను స్నేహితులు, వీరిలో ఒకరు ఒప్పుకొన్నచో సగము పని నెఱవేఱినట్లే.

తెలిసినవారు దొరకనిచో ఇతరులను విచారింపవలెను. ఆడపిల్లకు సంబంధము వెదకు తండ్రి అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు చూడవలెనందురు. కుక్క విషయమున అంత యక్కఱ లేకపోయినను, ఆ యింటికి స్వయముగా పోయి చూచి రావలెను. పగలు ఇంటిలో ఎవరుందురు? కుక్క యెక్కడ పండుకొనును? దినమంతయు గొలుసుతో కట్టి యుంచెదరా? ఇంటిలోని పెద్దలందఱు సమ్మతించిరా? అద్దెయిల్లయినచో ఇంటి యజమాని ఒప్పుకొనెనా? ఇంతకుముందు పెంచిన కుక్క యేమైనది? ఈ ప్రశ్నలకు విసుగుకొనువానికంటె ఓపికగా సమాధానము చెప్పువాడు ఆదరముతో పెంచునని నమ్మవచ్చును. కుక్కపిల్లలను అమ్ముకొనుటకై జాతికుక్కలను కోరువారును కలరు. అందుచేత సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించిన పిమ్మట ఇచ్చుట మంచిది.

ఇచ్చువారు సత్యము చెప్పవలెను. కుక్క ఉఱుములకు భయపడునా, పసిపిల్లలను చూచి గుఱ్ఱుమనునా, తినునపుడు దగ్గఱకు వచ్చినవారిని కఱచునా యను సంగతులు దాచరాదు. లోపము దాచి యిచ్చిన కుక్క నాలుగు దినములలో వీధిలో పడును. లేదా పసిపిల్లకు ప్రమాదము కలిగించును. ఇచ్చుటకు ముందు పశువైద్యునికి చూపి, రేబీసు మొదలగు వ్యాధులకు టీకాలు వేయించి, నులిపురుగుల మందిప్పించి, ఆ వివరములు వ్రాసిన చిన్న పుస్తకమును క్రొత్తవారి చేతికీయవలెను. రేబీసు వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప మనుష్యునకు బ్రతుకుట అరుదు గనుక ఈ టీకా విషయమున అశ్రద్ధ కూడదు.

ఒక్కసారిగా కుక్కను తీసికొనిపోయి విడిచి రాక, ముందుగా రెండు మూడు పర్యాయములు క్రొత్తవారితో పరిచయము కలిగింపవలెను. మొదటిసారి వారు వచ్చి దానితో కొంతసేపు గడుపుదురు. రెండవసారి కుక్కను వెంటబెట్టుకొని వారి యింటికి పోయి తిరిగి రావలెను. కుక్కకు లోకము ముఖ్యముగా వాసనల మూలమున తెలియును. అందుచేత అది పండుకొను గోనెపట్టాను గాని, దుప్పటిని గాని ఉదుకకుండ దానితో పంపవలెను. క్రొత్త యింటిలో అన్నియు క్రొత్త వాసనలే యైనపుడు ఆ పాత గోనెయే దానికి పుట్టిల్లు. తిను గిన్నెయు, మెడపట్టీయు, గొలుసును అట్లే పంపవలెను. తిండిని కూడ మొదటి కొన్ని దినములు మార్పరాదు.

పేరు మార్చకుండుట మంచిది. అంతకంటె ముఖ్యమైనది భాష. "రా", "కూర్చో", "వద్దు" అను మాటలకు అలవాటు పడిన కుక్క హిందీ మాటలాడు వారి యింటికి పోయినచో, పిలిచినను పలుకదు. అది మొండిదని వారు విసుగుకొందురు. నిజమునకు దానికి ఆ మాటలు తెలియవు. అది యెఱిగిన మాటలను ఒక కాగితముపై వరుసగా వ్రాసి యిచ్చినచో ఈ చిక్కు తీరును.

క్రొత్త యింట మొదటి దినములు కష్టమైనవి. కుక్క అన్నము ముట్టకపోవచ్చును, మంచము క్రింద దూరి బయటికి రాకపోవచ్చును, రాత్రివేళ మూలుగవచ్చును. తలుపు తెఱచియున్నచో పాత యింటికై పరుగెత్తవచ్చును. కనుక కొన్ని వారముల వఱకు గొలుసు లేకుండ దానిని బయటికి వదలరాదు. కుక్కలను పెంచుటలో అనుభవజ్ఞులు ఒక లెక్క చెప్పుదురు: భయము తగ్గుటకు మూడు దినములు, ఇంటి పద్ధతులు తెలియుటకు మూడు వారములు, ఆ యిల్లు తనదే యని తోచుటకు మూడు నెలలు. అన్ని కుక్కలకును ఈ లెక్క సరిపోదు గాని, ఓపిక పట్టవలెనను సంగతిని అది గుర్తుచేయును. పాత యజమాని ఆ దినములలో తఱచుగా పోయి చూచుట వలన కుక్కకు దుఃఖము పెరుగును. ఉత్తరము మూలమునను, టెలిఫోను మూలమునను క్షేమము తెలిసికొనుట మేలు. ఎప్పుడైనను పెంచలేని పరిస్థితి కలిగినచో తమకే తిరిగి అప్పగింపవలెనని ముందుగానే మాట తీసికొనవలెను. కుక్కను ఇచ్చివేసినంత మాత్రమున బాధ్యత తీరదు.

ఇంటిలోని పిల్లల మాటయు మఱువరాదు. పిల్లలు ఏడ్తురని భయపడి కొందఱు పెద్దలు, వారు బడికి పోయిన వేళ కుక్కను పంపివేసి, పారిపోయినదని చెప్పుదురు. ఇది మంచిది కాదు. ఆ పిల్లలు సందులన్నియు తిరిగి, పేరు పెట్టి పిలిచి వెదకుదురు. తలుపు వేయని తప్పు తమదేనని లోలోన కుమిలిపోవుదురు. నిజము చెప్పి, కుక్కను క్రొత్త యింటికి చేర్చునపుడు వారిని కూడ తీసికొని పోవలెను. గోనెపట్టాను క్రొత్త చోట పఱచుట, కుక్క యెఱిగిన మాటలను కాగితముపై వ్రాయుట వంటి పనులు వారికే యప్పగింపవలెను. అపుడును వారు ఏడ్తురు. కాని ఆ కుక్క సుఖముగా నున్నదని యెఱిగి యేడ్చుట వేఱు. ఏమైనదో తెలియక యేడ్చుట వేఱు.

ముసలి కుక్కలకు ఇల్లు దొరకుట కష్టము. అందఱును పిల్లలనే కోరుదురు. అయినను ఎదిగిన కుక్కను పెంచుకొనుటలో సౌకర్యము కలదు. దాని స్వభావమేదో ముందే తెలియును. అది చెప్పులు కొఱుకు వయస్సు దాటియుండును. మన గ్రామములందలి నాటు కుక్కలు మన యెండలకు అలవాటుపడినవి, తెలివిగలవి. వేలకొలది రూకలు వెచ్చించి, చలిదేశములకు తగిన దట్టమైన బొచ్చుగల కుక్కలను కొని వేసవిలో వానిని బాధపెట్టుటకంటె, దిక్కులేని యొక కుక్కను చేరదీయుట పుణ్యమును, ప్రయోజనమును గల పని.

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుటకు ముందే ఆలోచించుట అన్నింటికంటె మేలు. కుక్క సామాన్యముగా పది మొదలు పదమూడు సంవత్సరములు జీవించును. పదమూడేండ్ల బాలుడు నేడు తెచ్చిన కుక్కపిల్ల, అతడు చదువు ముగించి ఉద్యోగములో ప్రవేశించునప్పటికి ముసలిదై యుండును. అతడు పై చదువులకు పోయినపుడు దానికి అన్నము పెట్టువారెవరు? వ్యాధి కలిగిన వైద్యుని వద్దకు తీసికొని పోవువారెవరు? ఈ ప్రశ్నలకు జవాబు దొరకిన పిమ్మటనే దానిని తేవలెను. అట్లు తెచ్చిన కుక్కలలో విడువవలసివచ్చునవి చాల తక్కువగా నుండును.

ధర్మరాజు కుక్కకొఱకు స్వర్గమునే వలదనెను. సామాన్యుల నుండి అంతటి త్యాగమును ఎవరును కోరరు. కొన్ని దినముల శ్రమ, కొంత సత్యము, కొంత యోపిక మాత్రమే కావలెను. తన చేతినుండి యన్నము తిన్న ప్రాణిని మఱియొక మంచి చేతికి అప్పగించి, అచ్చట అది తోక యాడించునంత వఱకు కనిపెట్టియున్నవాడు, దానిని విడిచినవాడు కాడు.